సూయికా

సూయికా జపాను దేశములో రైలు, బస్సు ఛార్జీలు చెల్లించుటకు వాడబడు ముందస్తు చెల్లింపు కార్డు. తూర్పు జపాను రైల్వే సంస్థ (జేఆర్ ఈస్ట్) దీనిని 2001 నవంబరు 18న టోక్యో పరిసరములలోని 424 స్టేషన్లలో ప్రవేశపెట్టినది. కార్డులో ముందుగా డబ్బు నింపుకొని, స్టేషనులో ప్రవేశించునపుడు ఒకసారి, బయటకు వచ్చునపుడు మరొకసారి గేటుకు తాకించినచో ఛార్జీ దానంతటదే తగ్గును. అంగళ్ళలోను, పానీయములు అమ్ము యంత్రముల వద్దను కూడ ఇది చెల్లును. జపాను భాషలో "సుయ్ సుయ్" అనగా అడ్డు లేకుండ సాఫీగా సాగిపోవుట. "సుయికా" అనగా పుచ్చకాయ. ఈ రెండు అర్థములు స్ఫురించునట్లు కార్డుకు పేరు పెట్టినారు.

పనిచేయు విధానము

కార్డులో సోనీ సంస్థ రూపొందించిన ఫెలికా అను చిప్ ఉండును. ఇదే సాంకేతికతను అంతకుముందే 1997 సెప్టెంబరులో హాంకాంగ్ నగరము ఆక్టోపస్ కార్డుకు వాడుకొన్నది. కార్డులో బ్యాటరీ ఉండదు. గేటు నుండి వెలువడు రేడియో తరంగముల నుండియే చిప్‌కు కావలసిన విద్యుత్తు లభించును. నిల్వ సొమ్ము ఎంత, ఏ స్టేషనులో ఎక్కినది అను వివరములు చిప్‌లోనే వ్రాయబడి ఉండును. గేటు వాటిని చదివి, సరిచూసి, తిరిగి వ్రాయు పని సెకనులో అయిదవ వంతులోపే ముగియవలెను. రద్దీ వేళలలో ఒక్కొక్క గేటు గుండా నిమిషమునకు అరవై మంది వరకు పోవలసి ఉండుటయే ఈ తొందరకు కారణము.

వేగము సాధించినను తొలి ప్రయోగములలో ఒక చిక్కు వచ్చినది. కార్డును ఎచట, ఎట్లు ఉంచవలెనో తెలియక చాలమంది తడబడినారు. రూపకర్త షుంజి యమనాక పలు నమూనాలను జనముతో వాడించి చూసి, గేటుపై పలకను ప్రయాణికుని వైపు 13.5 డిగ్రీలు వాల్చినచో ఎవరికి వారే కార్డును సరిగా తాకింతురని తేల్చినారు. ఎలక్ట్రానిక్ పరిజ్ఞానము కంటె ఈ చిన్న వాలుయే సూయికాను నిలబెట్టినదని చెప్పినను పెద్ద అతిశయోక్తి కాదు.

భారతీయులకు అలవాటైన యూపీఐ చెల్లింపు ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అందులో ఫోను నుండి బ్యాంకులకు సమాచారము పోయి, జవాబు తిరిగి రావలెను. కూరగాయల బండి వద్ద ఆ కొద్ది క్షణముల ఆలస్యము ఎవరికి పట్టదు. టోక్యోలోని గేటు వద్ద అదే ఆలస్యము వెనుక పెద్ద వరుసను నిలబెట్టును. యూపీఐ యాప్ ఆ గేట్ల వద్ద పనికిరాదు.

ఇతర కార్డులతో పొత్తు

జపానులో ఒక్కొక్క ప్రాంతమునకు ఒక్కొక్క కార్డు కలదు. టోక్యోలో పాస్మో, ఒసాకా ప్రాంతములో ఇకోకా వీటిలో ముఖ్యమైనవి. 2013 మార్చి 23 నుండి సూయికాతో కలిపి పది కార్డులు ఒకదాని ప్రాంతములో మరొకటి చెల్లుబాటగుచున్నవి. భారతదేశములో 2019 మార్చిలో ప్రారంభమైన జాతీయ ఉమ్మడి రవాణా కార్డు ఉద్దేశమును ఇటువంటిదే.

అయితే ఈ పొత్తును కొత్తవారు తరచుగా పొరపాటుగా అర్థము చేసుకొందురు. టోక్యోలో కొన్న కార్డు క్యోటో నగర రైళ్ళలో చెల్లును. కాని టోక్యోలో గేటుకు తాకించి ఎక్కి, క్యోటోలో అదే కార్డు తాకించి దిగుటకు వీలులేదు. ప్రయాణము ఒకే ప్రాంతములో మొదలై అక్కడనే ముగియవలెను. షిన్‌కన్‌సెన్ అను అతివేగ రైళ్ళకు సాధారణముగా వేరుగా టికెట్టు కొనవలెను. ప్రాంతము దాటి దిగినవారు కౌంటరులో ఛార్జీ చెల్లించి, కార్డులో మిగిలిపోయిన ప్రవేశ నమోదును తీసివేయించుకొనవలెను. లేనిచో తరువాతి గేటు తెరుచుకొనదు.

ఒక కార్డు ఒక్కరికే. ఎక్కిన చోటు చిప్‌లో నమోదగును గనుక, భార్యాభర్తలిద్దరు ఒకే కార్డుతో ఒకే గేటు దాటలేరు.

విదేశీ సందర్శకులు

సాధారణ కార్డుకు 500 యెన్‌లు డిపాజిట్టుగా కట్టవలెను. కార్డులో గరిష్ఠముగా 20,000 యెన్‌లు నింపవచ్చును. ఇక్కడ తెలిసి ఉండవలసినది ఏమనగా, స్టేషన్లలోని నింపు యంత్రములలో అధిక భాగము నగదునే స్వీకరించును. ఎలక్ట్రానిక్ వస్తువులకు పేరుపడిన దేశమునకు పోవుచున్నాము, నగదుతో పని ఏమని తలచినవారికి మొదటి స్టేషనులోనే ఇబ్బంది కలుగును. సెవెన్ ఎలెవెన్ దుకాణములలోని ఏటీఎంలు విదేశీ కార్డులపై యెన్‌లు ఇచ్చును.

2019 సెప్టెంబరులో సందర్శకుల కొరకు వెల్‌కమ్ సూయికా వచ్చినది. దీనికి డిపాజిట్టు లేదు. 28 దినములు మాత్రమే చెల్లును, మిగిలిన సొమ్ము తిరిగి ఇవ్వరు. చిప్‌ల కొరత వలన 2023 జూన్‌లో పేరు నమోదు లేని సాధారణ కార్డుల అమ్మకము నిలిపివేసి, 2025 మార్చి 1న తిరిగి మొదలుపెట్టినారు.

ఫోనులో సూయికా 2006 జనవరి నుండి జపాను ఫోనులలో కలదు. 2016లో ఆపిల్ పే ద్వారా జపాను ఐఫోను 7కు వచ్చినది. ఐఫోను 8 మొదలుకొని ఏ దేశములో కొన్న ఐఫోనైనను సరిపోవును. ప్లాస్టిక్ సూయికాను ఫోనులోనికి మార్చుకొనవచ్చును. అట్లు చేసిన పిమ్మట ప్లాస్టిక్ కార్డు చెల్లదు, డిపాజిట్టు సొమ్ము నిల్వలో కలియును. వెల్‌కమ్ సూయికా కార్డును మాత్రము ఇట్లు మార్చుటకు వీలులేదు. దీనికి బదులు 2025 మార్చిలో 180 దినములు చెల్లునట్టి వెల్‌కమ్ సూయికా మొబైల్ అను ఐఫోను యాప్ విడుదలైనది. ఆండ్రాయిడ్ ఫోనుల సంగతి వేరు. జపాను వెలుపల అమ్మిన వాటిలో ఫెలికా సదుపాయము సాధారణముగా పనిచేయదు. కావున భారతదేశములో ఆండ్రాయిడ్ ఫోను కొన్నవారు ప్లాస్టిక్ కార్డునే తీసుకొనుట మేలు. పేపే వంటి క్యూఆర్ చెల్లింపు యాప్‌లలో నమోదుకు జపాను ఫోను నంబరు అడుగుదురు.

6 నుండి 11 సంవత్సరముల పిల్లలకు సగము ఛార్జీ కార్డు కలదు. వయసు తెలుపు పాస్‌పోర్టు చూపి కౌంటరులో తీసుకొనవలెను.

సొమ్ము వాపసు

సాధారణ సూయికాను తిరిగి ఇచ్చినపుడు నిల్వలో నుండి 220 యెన్‌లు రుసుముగా తగ్గించి, మిగిలినది 500 డిపాజిట్టుతో కలిపి ఇత్తురు. నిల్వ సున్న అయినచో రుసుము లేదు, డిపాజిట్టు పూర్తిగా వచ్చును. అందుచేత చివరి దినమున దుకాణములో నిల్వను ఖర్చు చేసి, తరువాత కార్డు ఇచ్చుట లాభము. దుకాణదారులు నిల్వ పోను తక్కువైన మొత్తమును నగదుగా తీసుకొందురు. కాని ఈ వాపసు జేఆర్ ఈస్ట్ కౌంటర్లలోనే దొరకును. టోక్యోలో దిగి ఒసాకా నుండి విమానమెక్కువారు టోక్యో వదలుటకు ముందే ఈ పని చూసుకొనవలెను, లేదా కార్డును దాచుకొనవలెను. చివరి వాడుక నుండి పది సంవత్సరముల వరకు అది చెల్లును.

కుమమోటో ఉదంతము

ఈ కార్డులను చదువు యంత్రములకు ఖర్చు ఎక్కువ. క్యూషూ ద్వీపములోని కుమమోటోలో అయిదు బస్సు సంస్థలు, పాత యంత్రములను మార్చుటకగు వ్యయము భరించలేక, 2024 నవంబరులో దేశవ్యాప్త కార్డులను తీసుకొనుట మానినవి. వాటికి బదులు తాకించి చెల్లించు బ్యాంకు కార్డులను అనుమతించినవి. స్థానికముగా వాడు కుమమోన్ కార్డు మాత్రము కొనసాగినది.