కోవెలకుంట్లలో కన్నీళ్లు ఎందుకు రావు?

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు కుంపిణీ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మాటెత్తితే రెండు రకాల మనుషులు తగులుతారు. ఆయన్ను ఉరి తీసిన కోవెలకుంట్లలో కాలు పెడితే ఒళ్లు జలదరిస్తుందనీ, ఆ మట్టిలోనే ఏదో శక్తి ఉందనీ చెప్పేవాళ్లు కొందరు. "వెళ్లాం, చూశాం, ఏమీ అనిపించలేదు. మా మనసు బండబారిందా?" అని అడిగేవాళ్లు ఇంకొందరు. ఇద్దరికీ ఒకటే జవాబు: మట్టికి జ్ఞాపకం ఉండదు.

అమెరికాలో పాల్ రోజిన్, కరోల్ నెమెరాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిత్రమైన ప్రశ్న వేశారు: హిట్లర్ తొడుక్కున్న స్వెట్టర్ మీరు వేసుకుంటారా? ఉతికినదైనా సరే, చాలామంది ఇష్టపడలేదు. సంగతి చెప్పకుండా చలికాలంలో చేతికిస్తే ఎవరు కాదంటారు? ఆ ఏవగింపు ఉన్నిలో లేదు, తెలిసిన సంగతిలో ఉంది.

పాలు ఎంత చిక్కనివైనా తోడు వేయనిదే పెరుగు కావు. చోటు పాలైతే, చరిత్ర తోడు. పొగలు కక్కే పాలలో తోడు వేసినా లాభం లేదు. ఆయన కథతో 2019లో వచ్చిన 'సైరా' సినిమా వేడి తలలో ఇంకా సలసలమంటుంటే అసలు సంగతి తోడుకోదు. తోడు వేశాక గిన్నె కదపకూడదు కూడా. సెల్ఫీల వాళ్లు కదుపుతూనే ఉంటారు.

కొన్ని చోట్ల ఆనవాళ్లే సగం పని చేస్తాయి. జలియన్‌వాలాబాగ్ గోడలకు తూటాల గుర్తులున్నాయి. 1948 ఆగస్టు 27న రజాకార్లు విరుచుకుపడ్డ బైరాన్‌పల్లిలో బురుజు నిలబడి ఉంది. కోవెలకుంట్లలో తోడు మనమే తీసుకెళ్లాలి.

ఇదిగో ఆ తోడు. నరసింహారెడ్డికి కుంపిణీ ఇచ్చే పెన్షన్ నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. 1846లో తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న జనం కళ్లెదుటే ఉరి తీశారు. తలను కోట మీద వేలాడదీశారు. 1877 దాకా దింపలేదు.

ముప్పయ్యేళ్లు. ఉరి తీసిన ఏడాది ఆ ఊళ్లో పుట్టిన ఆడపిల్లను ఊహించండి. నడక నేర్చేనాటికి తల అక్కడే ఉంది. పెళ్లినాడూ ఉంది. బిడ్డను చంకనేసుకుని సంతకు పోతే ఆ బిడ్డా చూసింది. 1858లో కుంపిణీ పాలనే పోయి రాణి పాలన వచ్చింది, తల మాత్రం కదల్లేదు. దాన్ని దింపిన 1877 నాటికి సీమ ధాత కరువులో మాడుతోంది. రోజూ కనిపించే భయం కొన్నాళ్లకు అలవాటవుతుంది. జనానికి ఆ అలవాటు చేయడమే తెల్లదొరల ఉద్దేశమేమో. మనకు ఒళ్లు జలదరించాల్సింది ఉరితాడు తలచుకుని కాదు, ఈ అలవాటు తలచుకుని.

అహోబిలం యాత్రకు వచ్చి కోవెలకుంట్ల వైపు బండి తిప్పేవాళ్లు ఈ సంగతి పిల్లలకు దారిలోనే చెప్పండి. అక్కడికెళ్లాక వాళ్లకు ఏడుపు రాకపోయినా నష్టం లేదు. "ముప్పయ్యేళ్లు ఎందుకు దింపలేదు?" అని ఒక్కరు అడిగినా యాత్ర దండగ కాలేదన్నమాటే.