పాత లారీకి 'ముఖం' కుదిరేదెలా?
సీతాఫల్‌మండి: పాత లారీని బాగుచేయించేవారిని ఇంజను కన్నా ముందు భాగమే ఎక్కువ తిప్పలు పెడుతుంది. ఇంజనులో లోపముంటే చప్పుడే చెబుతుంది. బానెట్, మడ్‌గార్డులు కుదరకపోతే మాత్రం లోపం ఒకచోట ఉండి, మరోచోట కనిపిస్తుంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం, తార్నాక చేరువలోని ఈ ప్రాంతానికి రేకు పని కొత్త కాదు. దగ్గరలోని లాలాగూడలో 1893 నుంచీ రైల్వే వర్క్‌షాపు ఉంది.

టాటా సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో 1954లో ఒప్పందం చేసుకుంది. 1969 వరకు సాగిన ఆ పొత్తులో వచ్చినవే 'టాటా మెర్సిడెస్ బెంజ్' ముక్కు లారీలు. ఇలాంటి బండ్లకు ఒక రేకు పాడైతే కొత్తది దొరకడం కష్టం. అందుకే సుత్తి పట్టే ముందు కొలత ముఖ్యం.

అసలు లోపం ఎక్కడ?

క్యాబిన్‌కూ చాసిస్‌కూ మధ్య రబ్బరు దిమ్మలుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ అవి నలిగిపోతాయి. క్యాబిన్ ఒక పక్కకు కుంగితే బానెట్ వెనుక అంచు కూడా కుంగుతుంది. ముందు అంచు రేడియేటర్ వైపు ఉంటుంది గనుక కదలదు. దాంతో మంచి రేకు కూడా మెలితిరిగినట్లు కనిపిస్తుంది. దాన్ని సుత్తితో కొడితే ఉన్న వంపు పోదు, కొత్త వంపు వస్తుంది.

పని వరుస

ముందు చాసిస్‌ను మట్టంగా నిలపాలి. రబ్బర్లు మార్చి, తలుపుల సందులు చూసుకుని క్యాబిన్ బిగించాలి. తర్వాత క్యాబిన్ కుడి మూల నుంచి రేడియేటర్ ఎడమ మూలకు, ఎడమ మూల నుంచి కుడి మూలకు దారంతో కొలవాలి. రెండూ సమానమైతేనే రేడియేటర్ నడిమధ్యన ఉన్నట్లు. ఎత్తు తేడా ఉంటే అడుగున వాషర్లు వేయాలి.

మడ్‌గార్డులు, బానెట్ బోల్టులను మొదట చేతి బిగువుతోనే ఉంచి, సందులు రెండు వైపులా సరిపోయాకే వెనుక నుంచి ముందుకు బిగించుకు రావాలి. చాసిస్ బరువుకు కొంత వంగుతుంది. కనుక ఇంజను ఎక్కించి, బండిని చక్రాలపై దించాక మరోసారి చూడాలి. రంగు ఆ తర్వాతి మాటే. సందులను మందపాటి పుట్టీతో కప్పిపుచ్చితే గతుకుల రోడ్డుపై పగుళ్లు తప్పవు.

సొంతానికి వాడే 50 ఏళ్లు దాటిన రెండు, నాలుగు చక్రాల వాహనాలకు కేంద్రం 2021లో 'వింటేజ్' రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. బండి అసలు రూపంలోనే ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు. చాసిస్‌నో బాడీనో మారిస్తే ఆ గుర్తింపునకే ఎసరు రావచ్చు. రేకు కోసే ముందు రబ్బరు దిమ్మలు మార్చి చూడడమే మేలు.