వార్తల్లో పదం: మార్జిన్‌పై జీఎస్టీ

పాత కారును అమ్మిన ధరలోంచి కొన్న ధర తీసేస్తే డీలరుకు మిగిలేదే మార్జిన్. సెకండ్ హ్యాండ్ కార్లపై జీఎస్టీ సాధారణంగా మొత్తం ధర మీద కాకుండా ఈ మార్జిన్ మీదే పడుతుంది. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో సమావేశమైన జీఎస్టీ మండలి, పాత చిన్న కార్లు, విద్యుత్ కార్లపై ఈ పన్నును 12 నుంచి 18 శాతానికి పెంచాలని సిఫార్సు చేసింది. పెద్ద కార్లకు 18 శాతం అంతకుముందే ఉంది.

డీలరు 4 లక్షలకు కొన్న కారును 4.5 లక్షలకు అమ్మితే పన్ను 50 వేల మీదే, అంటే 9 వేల రూపాయలు. పాత రేటులో అయితే 6 వేలు. నష్టానికి అమ్మితే పన్ను లేదు. జీఎస్టీ నమోదు లేని వ్యక్తి సొంత కారును నేరుగా మరొకరికి అమ్మినా పన్ను ఉండదు.

అందుకే పాత కారు కొనేవారు, బిల్లులో పన్నును దేని మీద లెక్కగట్టారో తప్పక అడిగి తెలుసుకోవాలి.