పుంటికూర చాయ్ తాగారా?

మనం పప్పులో వేసుకునే పుంటికూరను ఈజిప్టు వాళ్ళు తాగుతారు. ఆకును కాదు. పూత రాలాక కాయను చుట్టుకొని ఉండే ఎర్రటి రేకుల్ని ఎండబెట్టి మరిగిస్తారు. అక్కడ దాని పేరు కర్కదే. సెనెగల్‌లో బిస్సాప్. హైబిస్కస్ టీ అని డబ్బాల్లో అమ్మేదీ చాలావరకు ఇదే. వరంగల్ ఇళ్ళల్లో ఆ రేకులు కంటపడవు, ఆకు కనపడగానే తెంపేస్తాం కదా! తొలకరికి ఎర్ర పుంటికూర గింజలు వేసి, రెండు మొక్కల్ని మాత్రం ముట్టుకోకుండా వదిలేయండి. పొద్దు తగ్గే రోజుల్లో పూతకొస్తాయి. కాయ ముదరకముందే రేకులు ఒలిచి ఆరబెట్టాలి. అన్ని రకాలకూ రేకులు కండపట్టవు, గింజలు కొనేటప్పుడే అడగండి. బెల్లం దండిగా పడాలి, అంత పులుపు.

వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల నాడు బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు శ్రీలంకలో కప్పులోకి చేరుతుంది. అక్కడ రణవర అంటారు. తమిళులకూ ఆవారంపూ టీ తెలుసు. 2014లో రాష్ట్ర పుష్పం చేసుకున్న మనమే దాన్ని మరిగించడం అలవాటు చేసుకోలేదు. చెలక గట్ల మీద దానంతటదే పెరిగే మొక్క. చక్కెర జబ్బు తగ్గిస్తుందన్న మాట మాత్రం డాక్టర్‌కు వదిలేద్దాం.

శంఖుపుష్పం వేసిన నీళ్ళు నీలంగా ఉంటాయి, నిమ్మకాయ పిండితే ఊదారంగుకు మారతాయి. పువ్వులోని ఆంథోసయనిన్ల గుణం అది. పిల్లలకు తమాషా. రుచా? అడక్కండి.

నిమ్మగడ్డికి విత్తనం వెతకొద్దు. తెలిసినవాళ్ళ ఇంట్లోంచి వేరున్న పిలక ఒకటి తెచ్చి నాటితే చాలు. మే నెల ఎండకు డాబా మీది పుదీనా మాడిపోయినా, నీళ్ళు అందితే ఇది నిలబడుతుంది.

చాయ్ మరుగుతుంటే ఇల్లంతా తులసి ఘుమఘుమలాడిందా? అయితే సగం సారం గాల్లో కలిసినట్టే. తులసి, పుదీనాల్లోని వాసన నూనెలు ఆవిరితో పోతాయి. పొయ్యి ఆపాక ఆకు వేసి, మూతపెట్టి, 5 నిమిషాలు ఆగాలి. అల్లం సంగతి వేరు, దాన్ని బాగా మరగనివ్వాలి.

బజ్జీలు వేసే వాము ఆకు మొక్కకు వాము గింజలు కాయవు. రెండూ వేర్వేరు కుటుంబాలవి, వాసన ఒక్కటే దగ్గర. కొమ్మ విరిచి మట్టిలో గుచ్చితే బతుకుతుంది. చాయ్‌లోకి ఒక్క ఆకు చాలు, రెండేస్తే కషాయమే.