చీకటిలో పుట్టే విద్యుత్తు

1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయంవారు జపాల్-రంగాపూరులో 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పారు. నక్షత్రకాంతిలోని హెచ్చుతగ్గులను కొలవడానికి దానికి ఫోటోమల్టిప్లయర్ నాళాన్ని అమర్చేవారు. కాంతి సోకగానే ఈ నాళంలోని సీసియం పూతనుండి ఎలక్ట్రానులు వెలువడి, పలకనుండి పలకకు తగులుతూ లక్షల రెట్లవుతాయి.

చిక్కేమిటంటే, మూతవేసి ఉంచినా విద్యుత్తు కొద్దిగా ప్రవహిస్తూనే ఉంటుంది! గదిలోని వేడిమికే కొన్ని ఎలక్ట్రానులు పూతను వదలుతాయి. ఈ విద్యుత్తు సగటును తీసివేయవచ్చు. దాని ఒడుదుడుకులను తీసివేయలేము. వీటినే 'రొద' అంటారు. అందుచేత పూత వైశాల్యాన్ని తగ్గిస్తారు, నాళాన్ని ఘన కార్బన్ డయాక్సైడుతో చల్లబరుస్తారు.

అయినా కాంతి రొద కాంతికి ఉండనే ఉంది. ఫోటానులు వానచినుకులవలె వరుసతప్పి పడతాయి గదా! సగటున 100 లెక్కకు వచ్చేచోట సుమారు 10 అటూ ఇటూ అవుతుంది. 10,000 వచ్చేచోట 100, అంటే నూటికి ఒకటి. ఇక్కడ చల్లదనం పనిచేయదు. ఎక్కువసేపు కొలవవలసిందే, అంతలో మబ్బు పట్టకపోతే.