కాలికి తేలికైన ఆసరా – కాంపోజిట్ పదార్థాలు

మన పెద్దలు మట్టి గోడ కట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కేవారు. ఎందుకో తెలుసా? ఉత్త మట్టి ఎండితే బీటలు వారుతుంది, ఉత్త గడ్డి నిలబడదు. రెండూ కలిస్తే గోడ ఏళ్ల తరబడి నిలుస్తుంది. కాంపోజిట్ పదార్థం అంటే ఇదే. గాజుతో గాని కార్బన్‌తో గాని చేసిన సన్నని దారాలను రెసిన్ అనే జిగురులో అమర్చి గట్టిపరుస్తారు. దారం బలాన్నిస్తుంది, జిగురు ఆకారాన్ని నిలుపుతుంది. ఇది ఇనుము కన్నా ఎంతో తేలిక, తుప్పు పట్టదు.

గాలిమరల రెక్కలు వీటితోనే చేస్తారు. 2011లో ప్రయాణికుల సేవలోకి వచ్చిన బోయింగ్ 787 విమానం బరువులో దాదాపు సగం కాంపోజిట్లే. అయితే రోగులకు వీటివల్ల కలిగిన మేలు మన హైదరాబాదులోనే కనిపిస్తుంది.

క్షిపణి నుండి కాలిపర్ వరకు

డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం 1982లో ఇక్కడి రక్షణ పరిశోధన ప్రయోగశాల డి.ఆర్.డి.ఎల్. బాధ్యతలు చేపట్టారు. 1989 మే 22న అగ్ని క్షిపణిని తొలిసారి పరీక్షించారు. క్షిపణుల కోసం తయారుచేసిన తేలికైన పదార్థాన్ని నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు చేతిలోకి తీసుకుని చూసి, కలాంగారిని తమ వార్డుకు తీసుకువెళ్లారు. అక్కడ పోలియో వంటి జబ్బులతో బాధపడే పిల్లలు మూడు కిలోలు దాటిన ఇనుప కాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారుచేశామని, పిల్లలను చూసి తల్లిదండ్రుల కళ్లు చెమర్చాయని కలాంగారు తన ప్రసంగాల్లో చెప్పేవారు.

మన దేశాన్ని 2014 మార్చిలో పోలియో రహితంగా ప్రకటించారు. అయినా చిన్ననాట పోలియో వచ్చిన పెద్దలు, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు, పక్షవాతం తర్వాత పాదం వాలిపోయిన వారు ఉన్నారు. వారికి ఇప్పుడు ప్లాస్టిక్, కార్బన్ ఫైబర్ ఆసరాలు దొరుకుతున్నాయి.

మీకు తారసపడే మరి రెండు

ఫైబర్ కట్టు: ఇది గాజు దారాల పట్టీ. పిండికట్టు కన్నా తేలిక, త్వరగా గట్టిపడుతుంది. పైపొర నీటికి చెడదు గాని లోపలి దూది తడిస్తే చర్మం నాని పుండు పడుతుంది. వాపు ఎక్కువగా ఉన్నప్పుడు డాక్టరుగారు ముందు పిండికట్టే వేయవచ్చు. అది తక్కువ రకం వైద్యమని అనుకోవద్దు.

పంటి రంగు ఫిల్లింగ్: రెసిన్‌లో సన్నని గాజు పొడి కలిపి, నీలి కాంతితో గట్టిపరుస్తారు.

తీసుకోవలసిన జాగ్రత్తలు

తేలికైనదని కాలిపర్‌ను అశ్రద్ధ చేయరాదు. ఒరుసుకుంటే ఏదైనా పుండు చేస్తుంది.

• ముడతలు లేని నూలు మేజోడు వేసుకుని ఆపైన తొడగండి.
• ప్రతి రాత్రి విప్పి చర్మం చూడండి. ఎర్రమచ్చ అరగంటలో పోకపోతే తిరిగి తొడగకుండా ఆసుపత్రికి రండి.
• షుగరు ఉన్నవారికి, స్పర్శ తగ్గినవారికి నొప్పి తెలియదు. అద్దం పెట్టి అరికాలు చూసుకోండి.
• పొయ్యి దగ్గర, మండుటెండలో ఉంచవద్దు. ఆకారం మారిపోతుంది.
• పగిలితే తీగ చుట్టడం, సుత్తితో కొట్టడం చేయవద్దు. తయారుచేసిన వారికే చూపించండి.
• పిల్లలు ఎదుగుతారు. కొన్ని నెలలకోసారి కొలత సరిచూపించండి.
• కట్టు వేసిన తర్వాత వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరుగుతున్నా తెల్లవారేవరకు ఆగవద్దు. వెంటనే రండి.

నొప్పి పెడుతోందని, బిగుతైందని కాలిపర్‌ను అటక మీద పడేసే కుటుంబాలున్నాయి. ఆసరా లేని కాలికి కీళ్లు బిగుసుకుపోతాయి, వంకర పెరుగుతుంది. అటక మీద ఉన్న కాలిపర్‌ను దించి తీసుకురండి. చాలాసార్లు చిన్న మార్పుతోనే అది మళ్లీ పనికివస్తుంది, లేదంటే కొత్త కొలత తీసుకోవచ్చు. మల్కాజ్‌గిరి, తార్నాక చుట్టుపక్కల మీ వీధిలో ఇలాంటి బిడ్డ ఉంటే ఆ తల్లికి కూడా ఈ మాట చెప్పండి.