అతికించిన కాగితం ముడత ఎందుకు పడుతుంది?

పాత చెక్క పెట్టెకు పూల కాగితం అతికిద్దామని వెనకవైపు జిగురు రాస్తాం. రాసేటప్పుడు అది చదునుగానే ఉంటుంది. పెట్టె మీద పెట్టి నొక్కేలోపు అక్కడక్కడా ఉబ్బి ముడతలు తేలుతుంది. పనితనం చాలలేదని చాలామంది నొచ్చుకుంటారు. కానీ ఆ ముడతలు చేతివి కావు, నీళ్లవి. ఫోటోలను, రంగురంగుల కాగితాలను కత్తిరించి వస్తువులకు అంటించి, పైన వార్నిష్ పూసే ఈ పనిని డెకూపాజ్ అంటారు. నీళ్లు కాగితంలోకి ఎలా చేరతాయో, ఎలా బయటికి పోతాయో తెలిస్తే అందులోని మెలకువలు సగం పట్టుబడినట్టే.

కాగితమంటే సెల్యులోజ్ పీచుల అల్లిక. వాటిని పట్టి ఉంచే బలంలో పెద్ద వాటా హైడ్రోజన్ బంధాలది. నీటి అణువులు వాటి మధ్యకు దూరగానే పీచు ఉబ్బుతుంది. పొడవులో దాదాపు మార్పుండదు కానీ, లావు మాత్రం ఐదో వంతుకు పైగా పెరగగలదు. మిల్లులో కాగితపు గుజ్జు కదిలే జల్లెడ మీద పడుతుంది కనుక ఎక్కువ పీచులు యంత్రం నడిచే దిశలోనే వరసగా పడుకుంటాయి. అందువల్ల తడిసిన కాగితం ఒకవైపు కొద్దిగా, దానికి అడ్డంగా బాగా సాగుతుంది. దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. చిన్న ముక్కను ఒక పక్క మాత్రమే తడపండి, చాపలా చుట్టుకుంటుంది. చుట్ట పొడవు ఏ దిశలో ఉంటే పీచులు ఆ దిశలో ఉన్నట్టు.

కొంత భాగం చెక్కను పట్టుకున్నాక మిగతాది ఇంకా సాగుతూ ఉంటే, పెరిగిన ఆ వెడల్పుకు చోటు దొరకదు. అదే ముడత. కాబట్టి మందపాటి కాగితాన్ని ముందే సాగనివ్వాలి. వెనక జిగురు రాసి రెండు మూడు నిమిషాలు ఆగి, అప్పుడు అతికించి, మధ్య నుంచి అంచులకు నొక్కుకుంటూ పోవాలి. ఆరేటప్పుడు అది కుంచించుకుని తనంతట తానే బిగుస్తుంది. పల్చటి టిష్యూ కాగితానికి ఈ పద్ధతి పనికిరాదు, చేతిలోనే చిరుగుతుంది. దానికి జిగురును చెక్కకే పల్చగా రాయాలి.

మనం వాడే తెల్ల జిగురులో ఉండేది పాలీవినైల్ అసిటేట్. జర్మన్ రసాయనవేత్త ఫ్రిట్జ్ క్లాట్టె 1912లో కనుగొన్న పదార్థం ఇది. మన దేశంలో 1959 నుంచి ఫెవికాల్ రూపంలో ఇంటింటికీ తెలిసింది. నీళ్లలో తేలే సన్నటి ప్లాస్టిక్ రేణువులు వెలుతురును చెదరగొట్టడం వల్ల అది పాలలా కనిపిస్తుంది. నీళ్లు పోయాక రేణువులు కలిసిపోయి పారదర్శకమైన పొర అవుతాయి. ఎక్కడైనా తెల్లదనం మిగిలిందంటే లోపల తేమ ఉన్నట్టే, అప్పుడే వార్నిష్ వేయకండి.

ఈ జిగురునే పైపూతగా కూడా వేసి సరిపెట్టే అలవాటు ఒకటుంది. మన ఊళ్లకు అది బొత్తిగా సరిపడదు. పాలీవినైల్ అసిటేట్ 30 నుంచి 40 డిగ్రీల మధ్య మెత్తబడటం మొదలవుతుంది. రామగుండంలోనో, విజయవాడలోనో మే నెల ఎండకు, అలా పూత వేసిన ట్రే మీద పెట్టిన వస్తువు అతుక్కుంటుంది. తడి గ్లాసు పెడితే తెల్లటి మచ్చ పడుతుంది. పైన పాలీయురెథేన్ వార్నిష్ పల్చటి పూతలుగా వేయాల్సిందే. పూతకూ పూతకూ మధ్య ఆరనిచ్చి, సన్నటి ఉప్పు కాగితంతో మెల్లగా రుద్దాలి. 18వ శతాబ్దపు వెనిస్ పనివాళ్లు చేసిందీ ఇదే. ఆసియా నుంచి వచ్చే ఖరీదైన లక్క సామానును అనుకరించడానికి వాళ్లు ముద్రించిన బొమ్మలను కత్తిరించి బీరువాలకు అంటించి, అంచులు చేతికి తగలనంత వరకూ వార్నిష్ పూతల మీద పూతలు వేసేవారు.

కాగితం ఎంపికలోనూ రసాయన శాస్త్రం ఉంది. న్యూస్‌ప్రింట్‌లో కలపకు సహజమైన లిగ్నిన్ మిగిలి ఉంటుంది. అది వెలుతురుకు, గాలికి పచ్చబడుతుంది. ఇంగ్లండ్‌లో మేరీ డిలానీ 1772లో, 72 ఏళ్ల వయసులో, రంగు కాగితపు ముక్కలతో పూల చిత్రాలు చేయడం మొదలుపెట్టింది. దాదాపు వెయ్యి చిత్రాలు బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. అప్పటి కాగితం గుడ్డపేలికలతో చేసేవారు, అందులో లిగ్నిన్ దాదాపు ఉండదు.

ఇక ఫోటోల సంగతి. స్టూడియోలో కడిగి ఇచ్చిన రంగుల ఫోటో కాగితానికి రెండు వైపులా పాలిథిన్ పొర ఉంటుంది. జిగురులోని నీళ్లు దాని గుండా పోలేవు, కింద ఎన్నాళ్లకూ ఆరదు. బొమ్మ ఉండే జిలాటిన్ పొర తడికి మెత్తబడి లేచిపోతుంది కూడా. మామూలు ఇంక్‌జెట్ ప్రింటు అయితే రంగు పారుతుంది. లేజర్ ప్రింటులోని టోనర్ ప్లాస్టిక్ పొడి, వేడికి కరిగి కాగితానికి పట్టేస్తుంది కనుక నీళ్లకు చెదరదు. అందుకని తాతమ్మ ఫోటో అయినా, పెళ్లి ఫోటో అయినా అసలుది తీసి అంటించకండి. ఒకసారి అతికి వార్నిష్ పడ్డాక దాన్ని చెడకుండా ఊడదీయడం అసాధ్యం. స్కాన్ చేయించి, లేజర్ ప్రింటు తీయించి దాన్ని వాడండి. అసలు ఫోటోను ఆల్బమ్‌లోనే ఉంచండి.